చెప్పరానిదియు, చెప్పవలసినదియు

ధనము రూపము మార్చుకొనినప్పుడెల్ల దొంగయు వేషము మార్చుకొనుచుండును. మొదట గోడకు కన్నము వేసెను. పిదప దారి కాచి మూట లాగికొనెను. అటుతరువాత మనియార్డరు కాగితముపై పరాయివాని వ్రేలిముద్ర వేయించి సొమ్ము చేజిక్కించుకొనెను. 1880లో మన దేశమున తపాలాశాఖవారు మనియార్డరు పద్ధతిని నెలకొల్పిన పిమ్మట, దూరమున కూలి చేసికొను కొడుకు పంపిన ఇరువది రూపాయలు తపాలాబంట్రోతు చేతిమీదుగా తల్లికి చేరుచుండెడివి. ఆ ఇరువది రూపాయల సంగతి వీథికంతకును తెలిసెడిది. అది యొక విధమున చిక్కు. ఒక విధమున కాపు. నలుగురి కన్నులయెదుట ఇచ్చిన సొమ్మును ఇచ్చితిననియు ఇయ్యలేదనియు వాదించుట కష్టము.

నేడు ఆ సొమ్ము అఱచేతిలోని ఫోనునుండి ఫోనునకు నిశ్శబ్దముగా పోవుచున్నది. నేషనల్ పేమెంట్సు కార్పొరేషనువారు యూ.పీ.ఐ. అను పద్ధతిని 2016 ఏప్రిలు నెలలో ప్రారంభించిరి. పదియేండ్లు నిండకమునుపే, 2025 ఆగస్టు నెల యొక్కదానియందే 2,000 కోట్లకు పైబడిన చెల్లింపులు ఈ మార్గమున జరిగినవి. తోటకూర కట్టలమ్ము అవ్వ తట్టమీదను, పూలకొట్టు గడపమీదను, గుడిలో హారతిపళ్లెము ప్రక్కను క్యూ.ఆర్. గళ్లబొమ్మ కానవచ్చుచున్నది. చిల్లర లేదను తగవు తీఱినది. పట్టణమున చదువుకొను పిల్లవానికి పల్లెనుండి తండ్రి పంపిన సొమ్ము క్షణములో చేరుచున్నది. కాబట్టి మే మీ పద్ధతికి విరోధులము కాము. దొంగలున్నారని బండి యెక్కుట మానినవాడు ఊరు చేరడు.

అయినను, ఈ పద్ధతికి గల తాళమెట్టిదో, దొంగ దానిని ఏ విధమున దాటుచున్నాడో గృహస్థు తెలిసికొనవలయును. తాళము మాత్రము గట్టిదే. యూ.పీ.ఐ. వాడదలచినవాని ఫోనునకును, అందలి సిమ్ముకార్డునకును, బ్యాంకుఖాతాకును మొదటనే ముడి వేయుదురు. ఆ ఫోనునుండి గాక వేఱొక ఫోనునుండి ఆ ఖాతాను కదపుట సులభము కాదు. ఆపైన నాలుగు గాని ఆఱు గాని అంకెలు గల రహస్యసంఖ్య యొకటి యుండును. దానినే పిన్ అందురు. మనము నొక్కిన పిన్ గూఢరూపమున బ్యాంకునకు పోవునే గాని అంగడివానికి తెలియదు, మనము ఫోనులో ఎక్కించుకొనిన ఆప్పునకు సైతము తెలియదు. చిన్న మొత్తములకు పిన్ అక్కఱలేని మార్గములు కొన్ని లేకపోలేదు గాని, పెద్ద మొత్తములకు తాళపుచెవి యొకటి చేతియందును, రెండవది మనస్సునందును ఉన్నవనవచ్చును. ఈ రెండును ఒక్కమాఱే దొంగకు దొరకుట అరుదు.

కావుననే నేటి దొంగ తాళము పగులగొట్టుటకు పూనుకొనడు. ఇంటి యజమానిని పిలిచి, మర్యాదగా మాటలాడియో గద్దించియో, ఆయనచేతనే తలుపు తీయించును. అతని పనిముట్టు మాట. అతడు కన్నము వేయుచున్నది మన స్వభావమునకు. అట్లయినప్పుడు ఈ విషయమును యంత్రవిద్య నెఱిగినవారికే విడిచిపెట్టి మనము ఊరకుండుట తగదు. మా అభిప్రాయ మిది: మన ఇండ్లలో చెప్పరానిదానిని చెప్పుటకును, చెప్పవలసినదానిని దాచుటకును తరతరములుగా అలవాటు పడియున్నాము. వంచకుడు ఈ రెండు అలవాటులమీదనే బ్రతుకుచున్నాడు.

మొదటి అలవాటును గూర్చి ముందు చెప్పుదము. పాత బల్ల యొకటి అమ్మదలచి ప్రకటించిన గృహస్థునకు ఫోను వచ్చును. కొనువాడు బేరమాడడు, అదియే మొదటి శకునము. “డబ్బు పంపుచున్నాను, మీ ఫోనులో వచ్చినదానిని ఒప్పుకొని పిన్ కొట్టండి” అనును. ఈయన కొట్టును, సొమ్ము వచ్చుటకు మాఱుగా పోవును. పిన్ అనునది సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదను ఒక్క వాక్యము ఆ యింట ఎవరికైనను కంఠస్థమై యుండినయెడల ఆ నష్టము కలిగెడిది కాదు. ఒక మనుష్యుడు మఱొక మనుష్యుని సొమ్మడుగుచు ఫోనులో పంపు ఇట్టి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1వ తేదీనుండి నిలిపివేసిరి. ఒక ద్వారము మూసిరి, సంతోషమే. కాని క్యూ.ఆర్. బొమ్మను పంపి “దీనిని స్కాను చేయండి, డబ్బు పడును” అనువాడు నేటికిని ఉన్నాడు. స్కాను చేయుట కూడ ఇచ్చుటకే.

మఱొకడు పెండ్లి శుభలేఖ యని, పోలీసువారు విధించిన బండి జరిమానా యని, ప్రభుత్వపు సాయమని ఏదో దస్త్రమును ఫోనునకు పంపును. అది పత్రిక కాదు. ఫోనులో చొరబడి కూర్చుండు ఆప్పు. తెఱచి అనుమతులిచ్చినంతనే మనకు వచ్చు ఓ.టీ.పీ. సందేశములను అది చదువనేర్చును. ఇంకొకడు “ఈ రాత్రి మీ ఇంటి కరెంటు తీసివేయుదుము” అని బెదరించును. వేఱొకడు సాయము చేయు నెపమున మన ఫోను తెఱను తన యెదుట కనబడునట్లు చేయించుకొనును. వేషములు పెక్కు, కోరునది ఒక్కటే. మనము ఆలోచించుటకుముందే మన చేయి కదలవలెనని వారి కోరిక. అందుకే వారు ఎల్లప్పుడును తొందరించుదురు.

వీనియన్నిటిలో క్రూరమైనది డిజిటల్ అరెస్టు అను పేర జరుగుచున్న మోసము. పోలీసు దుస్తులు తొడిగినవాడొకడు వీడియోలో కనబడి, “నీ పేర వచ్చిన పార్సిలులో మాదకద్రవ్యములు దొరికినవి, నీ ఆధారుతో దొంగఖాతా తెఱవబడినది, గది విడిచి కదలరాదు, ఎవరితోను చెప్పరాదు” అని గద్దించును. గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు, ఆ గదిలో మనుష్యుని బందీగా నుంచి సొమ్మంతయు బదిలీ చేయించుకొనును. మన దేశపు ఏ చట్టమునందును ఇట్టి అరెస్టు లేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ఈ సంగతినే చెప్పి, ముందు ఆగుడు, ఆలోచించుడు, పిదప ఫిర్యాదు చేయుడని ప్రజలను హెచ్చరించిరి. అయినను నేటికిని చదువుకొనినవారే, పెద్ద ఉద్యోగములు చేసి విశ్రాంతి పుచ్చుకొనినవారే దీనికి చిక్కుచున్నారు. వారు తెలివితక్కువవారా? కారు. అధికారస్వరము వినబడినంతనే లేచి నిలుచుటకు అలవాటు పడినవారు.

ఈ అలవాటు ఎక్కడ పుట్టినది? మేము ఇరువదేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పుచున్నాము గావున సమాధానము మాకు దూరమున వెదకనక్కఱలేదు. అడిగినదానికి తడువుకొనక బదులు చెప్పిన బాలుని అందఱును మెచ్చుకొందురు. “అయ్యా, మీరెవరు? ఈ సంగతి మీకెందుకు?” అని తిరిగి యడిగిన బాలుని పెంకెవాడందురు. ఇంటను అంతే. పెద్దగొంతుకతో పలికినవానికి లోబడుటయే వినయమని నేర్పుచున్నాము. వినయము గొప్ప గుణమే. కాని అడిగినవాని యధికారమును పరీక్షించుటయు విద్యలో భాగమే. ఉపనిషత్తులలో బాలుడైన నచికేతుడు మృత్యుదేవతనే ప్రశ్నించెను; దానికి యముడు కోపింపలేదు, మెచ్చుకొనెను. ఆ కథను పాఠముగా చెప్పు మనము, బ్యాంకునుండి మాటలాడుచున్నానన్న అపరిచితుని ప్రశ్నింపనేరని పిల్లలను పెంచుచున్నాము. “నేనే మీ బ్యాంకునకు ఫోను చేసి కనుగొందును” అని చెప్పి ఫోను పెట్టివేయుట అవినయము కాదని ప్రతి యింటను, ప్రతి బడియందును నేర్పవలసియున్నది. నిజమైన ఉద్యోగి దానికి కోపింపడు. కోపించినవాడు ఉద్యోగి కాడు.

ఇక ఇంటిలోపలి సంగతి. రహస్యమును కాచుకొనుట ఇంటిలో నేర్వనివారు వీథిలో నేర్వజాలరు. మా యెఱిగిన యిండ్లలో అనేకములందు అందఱి పిన్‌లును అందఱికి తెలియును. మామ్మగారి పింఛను ఖాతా పిన్ మనుమనికి తెలియును, మనుమని స్నేహితునకును తెలియును. ఆమె అడిగినచో, “నీకెందుకు మామ్మా ఆ తంటా, నేను చేసిపెడతానుగా” అనును. కోడలి జీతపు ఖాతా పిన్ భర్తకు తెలియును. భర్త పిన్ ఆమెకు తెలియదు. “మనలో మనకు రహస్యములేమి?” అని ప్రేమపూర్వకముగనే అందురు. ఆ ప్రేమ ఒక వైపుననే ప్రవహించుచుండుట మాత్రము ఎవరును గమనింపరు.

స్త్రీకి ఆస్తిలో హక్కు వలయునని మన పెద్దలు పోరాడిరి. 1956లో హిందూ వారసత్వచట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరునుండి వర్తించునట్లు చేసిన సవరణమువలన కూతుండ్రకు పిత్రార్జితమున కుమారులతో సమానమైన భాగము లభించినది. పొదుపుసంఘములలో చేరి లక్షలాది గ్రామస్త్రీలు బ్యాంకు మెట్లెక్కిరి. ఇంతచేసి, ఖాతా ఆమె పేరను, పిన్ ఇతరుల నాలుకపైనను ఉన్నచో ఆ హక్కు కాగితముమీదనే నిలిచినట్లు గదా! ఒకరి సొమ్మును మఱొకరు చూడరాదనుట అనుమానము కాదు, గౌరవము. తన పిన్ తానే యెఱిగిన స్త్రీకి మఱొక లాభము గలదు. ఇంటివారికి సైతము చెప్పని సంఖ్యను ఆమె ఫోనులో ఎవడో అపరిచితుడు అడిగినంతమాత్రమున చెప్పదు. ఇంటిలో పదిమందికి చెప్పినదానిని పదునొకండవవానికి చెప్పుటకు నాలుక సంకోచింపదు.

వృద్ధులకు, కన్ను కానరానివారికి సాయము చేయవలదా యని అడుగవచ్చును. తప్పక చేయవలయును. మా వీథిలో ఒక బాలిక తన తాతగారికి చేయుచున్న సాయము మాకు మిక్కిలి నచ్చినది. ఆయనప్రక్కను కూర్చుండి, ఏ పేరు నొక్కవలెనో, ఎంత మొత్తము వ్రాయవలెనో చూపును. పిన్ అడుగు తెఱ వచ్చినంతనే “ఇక మీరు నొక్కండి తాతగారూ” అని ముఖము కిటికీవైపు త్రిప్పుకొనును. ఆయన మెల్లగా, ఒక్కొక్క అంకెను వెదకికొని నొక్కును. ఆమె తిరిగి చూచుటకు ఒక నిమిషము పట్టును. ఆ ఒక్క నిమిషములో ఆ ముసలాయన తన సొమ్మునకు తానే యజమాని. ఇంతకంటె మంచి గృహశిక్షణము మేమెఱుగము.

పిన్ ఒక్కటియే రహస్యము కాదు. మన పేరు, ఫోను నంబరు, పుట్టిన తేది, ఏ బ్యాంకున ఖాతా గలదను సంగతి, ఇవన్నియు వంచకునకు ముడిసరకు. అతడు ఫోనులో మన పేరు పెట్టి పిలిచి, మన యూరు చెప్పి, ఖాతాలోని చివరి నాలుగంకెలు చదివినచో మనకు నమ్మిక కలుగును. వివరము తెలిసినవాడు మనవాడే యను భ్రమ మనకు పాతది. సంబంధము మాటలాడవచ్చినవాడు మన మేనమామ పేరు చెప్పిన చాలును, పీట వేయుదుము. ఆ వివరములు వానికెట్లు దొరకెను? దుస్తుల అంగడిలో బిల్లు వ్రాయువాడు అడిగెను, చెప్పితిమి. బహుమానపు చీటీ నింపుమనిరి, నింపితిమి. అపార్టుమెంటు కావలివాని పుస్తకమున వ్రాసితిమి. పిల్లవాని పుట్టినదినమును బొమ్మలతో సహా లోకమునకు చాటితిమి. అంగడివాడు నంబరు అడిగినప్పుడు “అక్కఱలేదండీ, బిల్లు ఇవ్వండి చాలు” అనుట తప్పు కాదు.

స్త్రీల విషయమున ఇది మఱింత బాధాకరము. పెక్కుమంది యూ.పీ.ఐ. చిరునామా వారి ఫోను నంబరే. ఆటోవానికి నలువది రూపాయలు చెల్లించిన పడుచుపిల్ల సొమ్ముతో కూడ తన పేరును, నంబరును ఇచ్చి దిగుచున్నది. మా సహోపాధ్యాయిని యొకరికి ఇట్లే అపరిచితుని సందేశములు రాసాగెను. ఆమె కొన్నాళ్లు ఫోనుతో చెల్లించుటయే మానుకొనిరి. మానుకొనవలసినది ఆమెయా? పెక్కు ఆప్పులలో ఫోను నంబరు లేని చిరునామాను ఎన్నుకొనుటకు వీలు గలదు. ఆ సంగతి తెలిసినవారు కొలదిమంది. ఇంటిలోని ఆడుపిల్లకు ఫోను కొనియిచ్చిన తండ్రి, ఆ దినముననే కూర్చుండి ఈ ఏర్పాటును కూడ చేయించినచో ఆ కానుక పూర్తియగును.

ఏకాంతము ధనవంతుల సరదా యని కొందఱి భావము. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయముతో, వ్యక్తిగోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. వ్యక్తుల వివరములను కాపాడుటకై 2023లో చట్టము చేయబడినది. దశలవారీగా అమలగునట్లు దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఏ పనికై మన వివరము పుచ్చుకొనిరో ఆ పనికే దానిని వాడవలెనని అందలి ముఖ్యభావము. చట్టము మంచిదే. కాని తన వివరమునకు విలువ గలదని తానే యెఱుగనివానిని ఏ చట్టము కాపాడగలదు?

ఇప్పుడు రెండవ అలవాటు. ఇది మొదటిదానికంటె బలమైనది. మన నీతిశాస్త్రములందు దాచవలసినవి తొమ్మిది గలవని చెప్పుదురు. వానిలో విత్తము, ఇంటిగుట్టు చేరియున్నవి. ఆ ఉపదేశము నేటికిని శిరోధార్యమే. కాని చాణక్యుని పేర వ్యాపించిన నీతిశ్లోకములలో వేఱొకటి గలదు. ధననాశమును, మనస్తాపమును, ఇంటిలోని దుర్నడతను, తాను మోసపోయిన సంగతిని, తనకు జరిగిన అవమానమును బుద్ధిమంతుడు బయట పెట్టరాదని దాని భావము. చిన్ననాట మేమును దానిని వల్లించితిమి. ఆ కాలమున దానికొక అర్థముండవచ్చును. పోయిన సొమ్ము తిరిగి వచ్చు దారి లేనప్పుడు చెప్పుకొని నవ్వులపాలగుటవలన ఫలమేమి? నేడు మాత్రము ఆ శ్లోకము నూటికి నూఱు పాళ్లు దొంగకే ఉపకరించుచున్నది.

ఎట్లనగా, ఫోనుద్వారా పోయిన సొమ్ము వెంటనే మాయము కాదు. అది మొదట ఒక ఖాతాలో పడును. అచ్చటనుండి రెండవదానికి, మూడవదానికి పంచబడి తుదకు ఎక్కడనో నగదుగా తీయబడును. ఈలోపల 1930 అను నంబరునకు ఫోను చేసి చెప్పినచో, అచ్చటివారు ఆ వివరమును సంబంధించిన బ్యాంకునకు అందింతురు. సొమ్మింకను ఖాతాలోనే యున్నయెడల ఆ బ్యాంకు దానిని కదలకుండ నిలుపును. దాటిపోయియున్నచో తరువాతి బ్యాంకునకు తెలుపును. అనగా ఇది పరుగుపందెము. దొంగకు మనము ఇచ్చు ప్రతి గంటయు అతనికి ఒక ఆమడ దూరము. రిజర్వుబ్యాంకువారు 2017 జూలైలో చేసిన నిబంధనలలోను కాలమునకే ప్రాధాన్య మిచ్చిరి. తప్పు బ్యాంకుదియు ఖాతాదారుదియు గాక మఱెక్కడనో జరిగినయెడల, మూడు పనిదినములలోపల తెలిపినవానికి నష్టము లేదనిరి. పిన్ చెప్పుట వంటి స్వయంకృతమైన అజాగ్రత్తవలన పోయినదానిని ఖాతాదారే భరింపవలెననియు, అయినను తెలిపిన క్షణమునకు తరువాత జరిగిన నష్టము బ్యాంకుదే యనియు వ్రాసిరి. తప్పు మనదైనను కాకున్నను, వెంటనే చెప్పుటయే మేలని దీని తాత్పర్యము.

మేమెఱిగిన రెండు ఇండ్ల సంగతి చెప్పుదుము. ఒక యింట పెద్దాయన, ఆంగ్లపత్రికను మొదటి పుటనుండి చివరి పుటవఱకు చదువువారు, పైన చెప్పిన దొంగపోలీసుల వలలో చిక్కి, కూతురి పెండ్లికై దాచిన సొమ్మును కోల్పోయిరి. ఆయన పదునొకండు దినములు ఎవరితోను చెప్పలేదు. అన్నము సరిగా తినలేదు. రాత్రులు వసారాలో తిరిగిరి. భార్య రక్తపుపోటనుకొనెను. కొడుకునకు తెలిసి పోలీసుస్టేషనునకు పోవునప్పటికి ఆ సొమ్ము ఏ ఏ ఖాతాలు దాటెనో గుర్తించుటకే కొన్ని వారములు పట్టెను. “పోయినదానికంటె వాడు నన్ను గదిలో కూర్చోబెట్టినాడన్నదే నాకు నిద్ర పట్టనీయదు” అని ఆయన మాతో ననిరి. ఆయనకు శ్లోకము చక్కగా వచ్చును.

రెండవ యింట కోడలు, పాఠశాల ఫీజు చెల్లించు నెపముతో వచ్చిన లంకెను నొక్కి ఆఱువేల రూపాయలు పోగొట్టుకొనెను. వడకుచు వంటింట నిలిచిన యామెను చూచి అత్తగారు కారణమడిగిరి. విని, మందలింపలేదు. “ఏడవడం తరవాత చూద్దాం, ముందు ఆ పందొమ్మిది ముప్పైకి చెయ్యి” అనిరి. ఆ నంబరును ఆమె పొదుపుసంఘపు సమావేశమున వినియుండిరి. అరగంటలోపల ఫిర్యాదు నమోదయ్యెను. ఆఱువేలలో పెద్దభాగము ఒక ఖాతాలో నిలుపబడి కొంతకాలమునకు తిరిగి వచ్చినది. ఈ రెండు ఇండ్లకును భేదము చదువులో లేదు, ధనములో లేదు. మోసపోయినవారు నోరు తెఱచుటకు ఆ యింట చోటున్నదా లేదా యనుటయే భేదము.

మన ఇండ్లలో మోసపోయినవానికి జరుగు సన్మానము అందఱికిని తెలిసినదే. “నీకు బుద్ధి ఉన్నదా? ఎవడడిగితే వాడికి ఇచ్చేయడమేనా?” అను ప్రశ్న మొదట వచ్చును. చుట్టములు వచ్చినప్పుడెల్ల ఆ కథ వినోదముగా చెప్పబడును. భార్యయైనచో ఫోను లాగికొనబడును. వృద్ధుడైనచో ఖాతా కొడుకు చేతికి పోవును. ఇది చూచినవారెవరైనను రేపు తమకు నష్టము కలిగినప్పుడు చెప్పుదురా? “ఎవరితోను చెప్పరాదు” అని దొంగ ఆజ్ఞాపించినప్పుడు అతనికి సాక్ష్యముగా నిలుచునది మన యింటి యెగతాళియే. దొంగతనము చేసినవానికి లేని సిగ్గు దోచబడినవానికి ఏల?

ఈ సందర్భముననే యువకులను గూర్చి ఒక మాట. దొంగసొమ్ము పాఱుటకు కాలువలు కావలయును. ఆ కాలువలు అద్దెకు తీసికొనిన ఖాతాలు. “నీ ఖాతా కొన్నాళ్లు ఇమ్ము, కమీషను ఇత్తును” అన్నంతనే పాసుపుస్తకమును, సిమ్మును అప్పగించు పిల్లలు ఉన్నారు. తాము దొంగలము కామనియే వారు తలంతురు. పోలీసులు మొదట తట్టునది వారి తలుపే. ఇంకను దూరము పోయినవారి కథ దుఃఖకరము. మంచి ఉద్యోగమని నమ్మించి మన యువకులను కాంబోడియాకు కొనిపోయి, అచ్చట నిర్బంధించి, తమ దేశస్థులనే ఫోనులో మోసగించు పని చేయించిరి. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఈ గుట్టును బయటపెట్టి, చిక్కినవారిని వెనుకకు రప్పింపసాగిరి. ఫోనుకు ఆవలివైపున పలుకుచున్న తెలుగు గొంతు ఒక్కొక్కప్పుడు బందీ గొంతు. ఇరువైపులను మోసపోయినవారే; మధ్యనున్నవాడొక్కడే ధనవంతుడు.

భారమంతయు ఇంటిమీదనే మోపి బ్యాంకులను, ప్రభుత్వమును విడిచిపెట్టుచున్నారేమని మమ్ము ఆక్షేపింపవచ్చును. విడిచిపెట్టుట లేదు. సొమ్ము క్షణములో పోవు మార్గమును నిర్మించినవారు, ఫిర్యాదు కూడ క్షణములో పోవు మార్గమును నిర్మింపవలయును. ఒక శాఖలో ఫిర్యాదు తెచ్చిన వృద్ధురాలిని మూడు బల్లలచుట్టు త్రిప్పి, తుదకు ఆంగ్లమున నున్న కాగితము నింపుమనుట మేము కన్నులార చూచితిమి. హెచ్చరికలు తెలుగున స్పష్టముగా రావలయును. ఫిర్యాదు పుచ్చుకొనువాడు తెలుగున మాటలాడవలయును. పరాయివారి పేర ఖాతాలు తెఱచి ఆడించువారిని బ్యాంకులే ముందు కనిపెట్టవలయును. ఇవి అడుగుటకు మనకు హక్కు గలదు. కాని ఆ సంస్కరణములు వచ్చువఱకు దొంగ ఆగడు. మన చేతిలోనున్న సంస్కరణము మన యింటిలోనిదే.

అది కష్టమైనదియు కాదు. పిన్ ఎవరిది వారికే యుండవలయును. సొమ్ము వచ్చుటకు పిన్ అక్కఱలేదను వాక్యము ముసలివారికిని పసివారికిని నోటికి రావలయును. తొందరించువాని ఫోను పెట్టివేయుట తప్పు కాదని అందఱికిని తెలియవలయును. 1930 అను సంఖ్యను వంటింటి గోడపై, గ్యాసు సిలిండరు నంబరు వ్రాసికొనిన చోటనే వ్రాసికొనవలయును. వీనియన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి. ఇంటిలో ఎవరైనను తెల్లబోయిన ముఖముతో వచ్చి డబ్బు పోయినదని చెప్పినప్పుడు, మన నోట మొదట వెలువడు ప్రశ్న “ఎందుకిచ్చావు?” అనునది కాక “ఎప్పుడు పోయింది?” అనునది కావలయును. మొదటి ప్రశ్నకు సమాధానము రేపు వినవచ్చును. రెండవదానికి సమాధానము ఈ క్షణముననే కావలయును.